పాత కంప్యూటర్‌లో లినక్స్ తెర చూడముచ్చటగా ఉండాలంటే

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. మెయిన్ రోడ్డు మీద జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్నాను. రెండు పాత కంప్యూటర్లు ఉన్నాయి. రెండూ ఇంటెల్ కోర్ 2 డ్యువో ఇ7500, జీ41 బోర్డు, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్కు, 18.5 అంగుళాల మానిటర్. విండోస్ 7 తీసేసి లినక్స్ మింట్ 22, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న రకం వేయించాను. పని జరుగుతోంది గానీ షాపుకొచ్చినవాళ్ళు తెర చూసి "ఇదేటి బాబూ, ఇలాగున్నాది" అంటున్నారు. అందంగా ఉంటుందని వీడియోలు చూసి కాంపిజ్ (విండో ఎఫెక్టులు), ప్లాంక్ (ఐకాన్ల పట్టీ), కాంకీ (తెర మీద మీటర్లు), ఒక నల్ల థీము, పాపిరస్ ఐకాన్లు వేశాను. ఇప్పుడు మెనూ తెరుచుకోవడానికే ఐదారు సెకన్లు పడుతోంది. వేగం కోసం ఎఫెక్టులు ఆపితే ప్లాంక్ వెనకాల నల్ల పట్టీ వచ్చింది. విండోల పైపట్టీలో తెలుగు పేర్ల వత్తులు తెగిపోతున్నాయి. వేగం పోకుండా తెర బాగుండేలా చేసుకునే దారి చెప్పగలరు.

సమాధానం: మీ కంప్యూటర్‌కు కొత్తగా ఏదీ వెయ్యక్కర్లేదండీ. వేసినవాటిలో కొన్ని తీసెయ్యాలి. ఇలాంటి యంత్రంలో తెర అందంగా కనిపించేది అక్షరం తేటగా ఉండడం వల్ల, ప్యానెల్ (మెనూ, గడియారం ఉండే పట్టీ) కుదురుగా ఉండడం వల్ల, రంగులు ఒకదానితో ఒకటి కలవడం వల్ల. వీటికి ర్యామ్ ఖర్చు దాదాపు లేదు. నీడలు, పారదర్శకత, ఎగిరే ఐకాన్లు, తెరమీద తిరిగే మీటర్లు మాత్రం ప్రతి క్షణం ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ తింటూనే ఉంటాయి. మీరు చూసిన వీడియోలు చాలావరకు 8 జీబీ, 16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రాల మీద తీసినవి. అక్కడ ఆ ఖర్చు కంటికి కనిపించదు.

ముందు ఒక జాగ్రత్త. ఏ మార్పునూ షాపు పని చేసే అకౌంటులో మొదలుపెట్టకండి. సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ గ్రూప్స్ తెరిచి ప్రయోగానికి ఇంకో యూజర్‌ను సృష్టించండి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో రూపానికి సంబంధించిన సెట్టింగులన్నీ ఎవరి హోమ్ ఫోల్డర్‌లో వాళ్ళవే ఉంటాయి. కొత్త యూజర్‌లో ఎంత కెలికినా షాపు అకౌంటుకు ఏమీ కాదు, పాడైతే ఆ యూజర్‌ను తీసేస్తే సరి. నాలుగు రోజులు వాడి చూసి, నచ్చిన మార్పులే అసలు అకౌంటులో చెయ్యండి. సర్టిఫికెట్ కోసం మనిషి ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు ప్యానెల్ మాయమైతే పడే అవస్థ దీనితో తప్పుతుంది.

ఇప్పుడు తియ్యవలసినవి. మొదట డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో విండోస్ అనే భాగంలోకి వెళ్ళి విండో మేనేజర్‌ను, అంటే విండోలకు పైపట్టీలు, అంచులు పెట్టి కదిపే ప్రోగ్రామును, కాంపిజ్ నుంచి ఎక్స్‌ఎఫ్‌సీఈ సొంతదైన ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4కు మార్చండి. కాంపిజ్‌ను ప్యాకేజీగా తీసెయ్యడం ఆ తర్వాతే. విండో మేనేజర్ నడుస్తుండగానే దాన్ని పీకేస్తే విండోలకు పైపట్టీలు పోతాయి, కదపడానికీ మూయడానికీ కుదరదు. పొరపాటున అలా జరిగితే కంగారు పడకండి. ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి, వాటికి ఆనించి రీప్లేస్ అని రాసి ఎంటర్ నొక్కితే పట్టీలు తిరిగొస్తాయి. మీ థీములో విండో అంచులు మిగతా వాటితో కలవకపోవడానికి కారణం కూడా చాలావరకు కాంపిజే. అది ఎక్స్‌ఎఫ్‌సీఈ విండో థీములను వాడుకోదు, పైపట్టీలను వేరే ప్రోగ్రాముతో గీయిస్తుంది.

తర్వాత ప్లాంక్, కాంకీలను తీసి, సెషన్ అండ్ స్టార్టప్‌లోని అప్లికేషన్ ఆటోస్టార్ట్ జాబితాలో వాటి టిక్కులు పోయాయో లేదో చూడండి. అక్కడే లాగౌట్ అయ్యేటప్పుడు సెషన్‌ను దానంతటదే దాచుకునే ఆప్షన్ ఉంటుంది, అది ఆపెయ్యండి. దాచిన పాత సెషన్లుంటే చెరిపెయ్యండి. తీసేశాననుకున్నవి మర్నాడు పొద్దున మళ్ళీ ప్రత్యక్షమయ్యేది, ప్యానెళ్ళు రెండేసి వచ్చేది ఎక్కువగా ఆ పాత సెషన్ వల్లనే.

ఎఫెక్టుల సంగతి ఒక లెక్కతో చెబుతాం. నీడలు, పారదర్శకత చూపించే భాగాన్ని కాంపోజిటర్ అంటారు. అది నడుస్తున్నప్పుడు ప్రతి విండో బొమ్మనూ విడిగా మెమరీలో ఉంచుకుని, వాటన్నిటినీ కలిపి తెర తయారుచేస్తారు. మీ మానిటర్ 1366 పిక్సెళ్ళ వెడల్పు, 768 పిక్సెళ్ళ ఎత్తు. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, తెరంతా పరుచుకున్న ఒక్కో విండోకు సుమారు 4 ఎంబీ. పది విండోలు తెరిస్తే 40 ఎంబీ. జీ41 బోర్డులోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ఇదంతా మీ 2 జీబీ ర్యామ్‌లోంచే పోతుంది. ఆ 40 ఎంబీ పోవడం ఒక్కటే కాదు, మౌసు కదిలినప్పుడల్లా నీడలతో సహా తెరను మళ్ళీ కూర్చే పని కూడా ఆ పాత చిప్‌దే. విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి కాంపోజిటర్ ట్యాబులో మొదటి టిక్కు తీసెయ్యండి. ఒక్క ఇబ్బంది ఉంది: కాంపోజిటర్ లేనప్పుడు వీడియోలో అడ్డంగా చీలిక కనబడవచ్చు. అప్లికేషన్లు నింపే షాపుకు అది లెక్కలోది కాదు. ఎవరైనా ఎక్కువగా వీడియోలు చూస్తారనుకుంటే కాంపోజిటర్‌ను ఉంచి నీడల టిక్కులు మాత్రం తియ్యండి.

ప్లాంక్ వెనకాల నల్ల పట్టీ రావడానికి కారణం కూడా ఇదే. పారదర్శకత చూపించగలిగేది కాంపోజిటర్ ఒక్కటే. అది ఆగితే కింద ఏముందో చూపించే మార్గం లేక ఆ జాగా నల్లగా మిగిలిపోతుంది. ప్లాంక్‌ను ఎలా సర్దినా అది పోదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్‌లోనే ప్రోగ్రాముల ఐకాన్లు పెట్టుకోవచ్చు కాబట్టి మీకు ప్లాంక్ అవసరమే లేదు.

ఇవన్నీ అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేసి, బ్రౌజర్ తెరవకముందే టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత వాడకంలో ఉందో కాగితం మీద రాసుకోండి. ఇకమీదట ఏ థీము వేసినా, ఏ ప్లగిన్ పెట్టినా, రీస్టార్ట్ చేసి ఆ అంకెతో పోల్చండి. నచ్చినదాన్ని ఉంచాలో తియ్యాలో ఆ తేడా చెబుతుంది.

ఇక అసలు విషయం, అక్షరాలు. మన షాపుల్లో తెర అందవికారంగా కనిపించడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం థీము కాదు, సరిగ్గా కూర్చోని అక్షరం. మీ మానిటర్ వీజీఏ కేబుల్ మీద ఉంటే మొదట డిస్‌ప్లే సెట్టింగుల్లో రిజల్యూషన్ చూడండి. 1366 ఉండాల్సిన చోట 1360 ఉంటుంది కొన్నిసార్లు. 1366 సంఖ్య 8తో భాగించబడదు కాబట్టి కొన్ని పాత గ్రాఫిక్స్, మానిటర్ జోడీలు 1360తో సరిపెట్టుకుంటాయి. జాబితాలో 1366, 768 ఉంటే దాన్నే ఎంచుకోండి. తర్వాత తెల్లటి డాక్యుమెంటు ఒకటి తెరంతా తెరిచి, మానిటర్ మీదున్న ఆటో బటన్ నొక్కండి. వీజీఏలో వచ్చేది అనలాగ్ సంకేతం. ఏ క్షణానికి ఏ పిక్సెల్ అన్నది మానిటర్ ఊహించుకోవాలి. ఆ ఊహ కాస్త తప్పితే అక్షరాల అంచులు వణుకుతున్నట్టు, రెండుగా ఉన్నట్టు కనిపిస్తాయి. నల్లటి తెర మీద ఆటో నొక్కితే దానికి అంచులు దొరకవు, అందుకే తెల్లటి పేజీ తెరవమన్నది. మానిటర్‌కు, బోర్డుకు రెండింటికీ డీవీఐ పోర్టు ఉంటే కేబుల్ మార్చడమే మేలు, ఈ గొడవే ఉండదు.

అప్పియరెన్స్‌లో ఫాంట్స్ ట్యాబు తెరవండి. యాంటీ ఏలియాసింగ్ టిక్కు ఉండాలి. హింటింగ్‌లో స్లైట్ ఎంచుకోండి. అది అక్షరాన్ని నిలువుదిశలో మాత్రమే పిక్సెళ్ళకు సర్దుతుంది, అడ్డంగా ఒంపులను కదపదు. ఫుల్ పెడితే ఇంగ్లీషు గీతలు పదునుగా వచ్చినా, కొన్ని ఫాంట్లలో మన గుండ్రటి అక్షరాలు మెట్లుమెట్లుగా తయారవుతాయి. సబ్ పిక్సెల్ ఆర్డర్‌లో ఆర్‌జీబీ పెట్టి చూడండి. అక్షరాల పక్కన ఎర్ర, నీలం అంచులు కంటికి తగులుతుంటే, ముఖ్యంగా 1360 దగ్గరే ఆగిపోయినప్పుడు, దాన్ని నన్‌కు మార్చండి. డీపీఐ 96 ఉంచండి. మీ తెర లెక్కప్రకారం అంగుళానికి 85 పిక్సెళ్ళే అయినా 96 పెడితే అక్షరం కాస్త పెద్దదవుతుంది, కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళకు కూడా పేరు, పుట్టినతేదీ కనిపిస్తాయి. డిఫాల్ట్ ఫాంటు సైజు 10 ఉంటే 11 చెయ్యండి.

ఫాంట్లలో మెనూలకు నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ తెలుగు గానీ ఒక్కటి చాలు. పోతన, వేమన, గిడుగు, గురజాడ ఫాంట్లు పెళ్ళి శుభలేఖకో, కరపత్రం శీర్షికకో వాడుకోండి. గిడుగు, గురజాడ లాంటి మన జిల్లాల పెద్దల పేర్లున్న ఫాంట్లను మనమే వాడుకోకపోతే ఎలా? కానీ మెనూలోని చిన్న సైజుకు అవి తగవు. ఇంకో మాట. ఏదో ఒకరోజు పనికొస్తాయని ఇరవై తెలుగు ఫాంట్లు ఒకేసారి వెయ్యకండి. మెనూకు మీరు పెట్టిన ఇంగ్లీషు ఫాంటులో తెలుగు లేనప్పుడు, వ్యవస్థ తన వరుసక్రమం ప్రకారం ఉన్నవాటిలోంచి ఒక తెలుగు ఫాంటును తెచ్చుకుంటుంది. ఇరవై ఉంటే అది ఏది తెస్తుందో చెప్పలేం. హఠాత్తుగా మెనూలో శీర్షికల ఫాంటు వచ్చి కూర్చుంటుంది. మీరు వేసిన ఫాంటు జాబితాలో కనిపించకపోతే ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అవ్వండి. అన్నట్టు, గిరాకీలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చే అను ఫాంట్ల ఫైళ్ళు గజిబిజి ఇంగ్లీషులా కనిపిస్తే అది మీ సెట్టింగుల తప్పు కాదు. అవి యూనికోడ్ కావు, కన్వర్టర్‌తో మార్చుకోవాల్సిందే.

వత్తులు తెగిపోవడానికి వేరే కారణం ఉంది. ఇంగ్లీషు అక్షరాలకు కావలసిన ఎత్తు కన్నా తెలుగుకు ఎక్కువ కావాలి. పైన గుడులు, కింద ఒక్కోసారి రెండు వత్తులు. ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 థీముల్లో పైపట్టీ ఎత్తు అక్షరాన్ని బట్టి మారదు. థీము తయారుచేసినవాళ్ళు పెట్టిన బొమ్మల ఎత్తే పట్టీ ఎత్తు. సన్నటి పట్టీ ఉన్న థీములో ఫాంటు పెంచేకొద్దీ కింది భాగం కోతపడుతుంది. రెండు మార్గాలున్నాయి. విండో మేనేజర్ సెట్టింగుల్లోని స్టైల్ ట్యాబులో టైటిల్ ఫాంట్ ఉంటుంది. ఇది మెనూ ఫాంటుతో సంబంధం లేని విడి సెట్టింగు. దాన్ని ఒక అంకె తగ్గించి చూడండి. అప్పటికీ తెగుతుంటే పక్కనున్న జాబితాలో డిఫాల్ట్ హెచ్‌డీపీఐ అనే థీము ఎంచుకోండి. దాని పట్టీ, బటన్లు రెండూ పెద్దవి. మూసే గుర్తు మీద మౌసు గురి తప్పడం కూడా తగ్గుతుంది.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి "రాష్ట్ర స్త్రీ జ్యోత్స్న" అని పేరు పెట్టి డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ చెయ్యండి. ఆ మూడు మాటల్లో జంట వత్తులు, పైన గుడులు, కిందికి దిగే వంపులు అన్నీ ఉన్నాయి. ఫోల్డర్‌ను తెరిచి, పేరు డెస్క్‌టాప్ మీద, పైపట్టీలో, కింద ప్యానెల్ బటన్‌లో మూడు చోట్లా పూర్తిగా కనిపిస్తోందా చూడండి. ప్యానెల్‌లో తెగితే వరుస ఎత్తు చాలలేదని అర్థం. చాలామంది స్థలం కలిసొస్తుందని 24 పిక్సెళ్ళు పెడతారు. తెలుగుకు 30 తగ్గకూడదు, మీ తెరకు 32 సరిపోతుంది.

మెనూలన్నీ తెలుగులోకి మార్చుకుందామని మీకు అనిపించవచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈ తెలుగు అనువాదం పూర్తిగా లేదు. సగం తెలుగు, సగం ఇంగ్లీషుగా తయారై చూడ్డానికే ఇబ్బందిగా ఉంటుంది. ప్రస్తుతానికి మెనూలు ఇంగ్లీషులో ఉంచి, టైపింగుకు మాత్రం తెలుగు పెట్టుకోండి. కీబోర్డు సెట్టింగుల్లోని లేఅవుట్ ట్యాబులో తెలుగు చేర్చుకుని, ప్యానెల్‌లో కీబోర్డ్ లేఅవుట్స్ ప్లగిన్ పెడితే ఏ భాషలో ఉన్నదీ కనిపిస్తుంది.

షాపుకొచ్చినవాళ్ళ కళ్ళు మొదట పడేది కింద ప్యానెల్ మీద. వాళ్ళకు అలవాటైన వరుసలో ఉంటే "ఇదేటి" అనే మాట రాదు. ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి ప్యానెల్ ప్రిఫరెన్సెస్ తెరవండి. లాక్ తీసి, ప్యానెల్‌ను కిందికి లాగి, పొడవు 100 శాతం చేసి, మళ్ళీ లాక్ చెయ్యండి. లాక్ మరిస్తే మౌసు తగిలి ప్యానెల్ ఎటో పోతుంది. ఐటమ్స్ ట్యాబులో ఎడమ చివర విస్కర్ మెనూ (ప్రోగ్రాముల మెనూ), దాని పక్కన బ్రౌజర్, ఫైల్ మేనేజర్, లిబ్రేఆఫీస్, స్కానర్ ప్రోగ్రాముల లాంచర్లు, తర్వాత విండో బటన్లు, ఆ తర్వాత ఒక సెపరేటర్. సెపరేటర్ సెట్టింగులో ఎక్స్‌పాండ్ టిక్కు పెట్టండి, అది మిగతావాటిని కుడిచివరకు నెడుతుంది. అది లేకపోతే గడియారం మధ్యలో వేలాడుతుంది. కుడివైపు ట్రే, సౌండు, గడియారం. గడియారంలో తేదీ కూడా చూపించండి, అప్లికేషన్ మీద తేదీ వేసేవాళ్ళు పదేపదే అడుగుతుంటారు. ఐకాన్ల సైజును దానంతటదే సర్దుకోనివ్వకుండా 24కు కట్టెయ్యండి, అన్నీ సమానంగా వస్తాయి. నేపథ్యానికి పారదర్శకత వద్దు, ఒకే ముదురు రంగు ఇవ్వండి.

ఇదంతా చేత్తో చెయ్యలేమనుకుంటే ప్యానెల్ ప్రొఫైల్స్ అనే చిన్న ప్రోగ్రాములో రెడ్‌మండ్ అనే సిద్ధమైన అమరిక ఉంటుంది. అది వేసి, ఎత్తు మాత్రం 32కు మార్చుకోండి. ఇప్పుడున్న అమరికను ముందుగా అందులోనే సేవ్ చెయ్యడం మరవకండి.

వాతావరణం, ప్రాసెసర్ గ్రాఫు లాంటి ప్లగిన్లు ముచ్చటపడి పెట్టకండి. ఇలాంటి ప్లగిన్లు చాలావరకు ఒక్కొక్కటీ విడి ప్రాసెస్‌గా నడుస్తాయి. టాస్క్ మేనేజర్‌లో ర్యాపర్ అన్న పేరుతో వరుసగా కనిపించేవి అవే.

థీము విషయంలో మా మాట సూటిగా: మింట్ వై రకాల్లోని లేత థీము ఒకటి ఎంచుకుని అక్కడితో ఆగండి. నల్ల థీము మీ షాపుకు పనికిరాదు. రోడ్డు వైపు తెరిచి ఉన్న షాపులో పగటి వెలుతురు తెర మీద పడుతుంది, నల్లటి తెర అద్దంలా ఎదుటివాళ్ళ మొహమే చూపిస్తుంది. పైగా ఈ ధర మానిటర్లు ఎక్కువగా టీఎన్ రకం. పక్కనుంచో పైనుంచో చూస్తే ముదురు రంగుల మధ్య తేడా పోయి అంతా ఒకే మసిగా కనిపిస్తుంది. కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళు చూసేది పక్కనుంచే. కరెంటు ఆదా అవుతుందన్న మాట కూడా ఈ మానిటర్లకు వర్తించదు. ఎల్‌సీడీ వెనక దీపం తెర నల్లగా ఉన్నా వెలుగుతూనే ఉంటుంది.

మీరు దించుకున్న థీము కొన్ని ప్రోగ్రాముల్లో బాగుండి, కొన్నింట్లో బటన్లు, గీతలు చెదిరిపోయి ఉంటే దాని పుట్టిన సంవత్సరం చూడండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్రోగ్రాములు జీటీకే అనే లైబ్రరీతో గీస్తారు. 2016లో వచ్చిన జీటీకే 3.20లో థీములు రాసే పద్ధతే మారిపోయింది. అంతకు ముందువి, ఆ తర్వాత సరిచెయ్యనివి ఇప్పుడు సరిగ్గా పనిచెయ్యవు. వాటిని బాగుచెయ్యాలని కూర్చోవడం వృథా. ఇంకొకటి, ఎక్స్‌ఎఫ్‌సీఈలో థీము రెండు చోట్ల పెట్టాలి. అప్పియరెన్స్‌లోని స్టైల్ విండో లోపలి భాగానికి, విండో మేనేజర్‌లోని స్టైల్ పైపట్టీకి, అంచులకు. ఒకటి మార్చి రెండోది మరిస్తేనే అతుకులబొంతలా కనిపిస్తుంది.

దించుకున్న థీము జాబితాలో అసలు కనిపించకపోతే జిప్ విప్పిన తీరులో తప్పుంటుంది. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే థీమ్స్ అనే దాపు ఫోల్డర్‌లో థీము ఫోల్డర్, దాని లోపల నేరుగా ఇండెక్స్ ఫైలు, జీటీకే ఫోల్డర్లు ఉండాలి. చాలా జిప్‌లు విప్పితే ఫోల్డర్‌లో మళ్ళీ అదే పేరుతో ఫోల్డర్ వస్తుంది. లోపలిదాన్ని ఒక మెట్టు పైకి తెచ్చుకోండి. కంట్రోల్, హెచ్ నొక్కితే దాపు ఫోల్డర్లు కనిపిస్తాయి.

లిబ్రేఆఫీస్ ఒక్కటే పాతకాలపు బూడిదరంగులో ఉందంటే దాని జీటీకే3 ప్యాకేజీ లేదన్నమాట. ప్యాకేజీలు వేసే సినాప్టిక్ ప్రోగ్రాములో లిబ్రేఆఫీస్ అని వెతికి ఆ ప్యాకేజీ వెయ్యండి. ఫ్లాట్‌ప్యాక్ రూపంలో (తమకు కావలసినవన్నీ విడిగా తెచ్చుకునే ప్యాకేజీలుగా) వేసిన ప్రోగ్రాములు మీ థీమును పట్టించుకోకపోవచ్చు. వాటి రన్‌టైములు డిస్కు మీద జీబీలకొద్దీ జాగా కూడా తీసుకుంటాయి కాబట్టి, 160 జీబీ డిస్కులో మామూలు ప్యాకేజీ దొరికినప్పుడు దాన్నే వెయ్యండి. మింట్ థీముల అంచులు సన్నగా ఉంటాయి. విండో సైజు మార్చడానికి అంచు పట్టుకోవడం కష్టమైతే ఆల్ట్ నొక్కి ఉంచి విండో లోపల ఎక్కడైనా రైట్ బటన్‌తో లాగండి.

ఐకాన్లకు వస్తే, పాపిరస్ అందమైనదే. కానీ అందులో వేలకొద్దీ ఎస్‌వీజీ ఫైళ్ళు (గీతల లెక్కగా దాచిన బొమ్మలు) ఉంటాయి. పాత హార్డ్ డిస్కు వాటిని వెతికి తేవాలి, ప్రాసెసర్ ఒక్కోదాన్ని గీయాలి. వెబ్‌సైటు నుంచి దించి హోమ్ ఫోల్డర్‌లో విప్పితే ఐకాన్ కాష్ (ఐకాన్లను త్వరగా వెతికే సూచిక) కూడా ఉండకపోవచ్చు. అప్పుడు మెనూ మొదటిసారి తెరిచినప్పుడు మీరు చెప్పిన ఐదారు సెకన్లు పట్టడంలో ఆశ్చర్యం లేదు. అది తీసేసి మింట్‌తో వచ్చిన ఐకాన్లకే తిరిగి రండి. పాపిరస్సే కావాలనుకుంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వెయ్యండి, ఇన్‌స్టాలయ్యేటప్పుడే కాష్ తయారవుతుంది. మౌసు బాణం సైజును 24 నుంచి 32 చేస్తే "ఇక్కడ చూడండి" అని చూపించడానికి వీలుగా ఉంటుంది.

వాల్‌పేపర్‌కు బయటి బొమ్మలెందుకు? కళింగపట్నం తీరమో, శాలిహుండం కొండో, వంశధార ఒడ్డో ఫోనుతో తీసిన ఫోటో పెట్టండి. అయితే నేరుగా పెట్టకండి. ఫోను ఫోటో 4000, 3000 పిక్సెళ్ళదైతే విప్పినప్పుడు 36 ఎంబీ అవుతుంది. లాగిన్ అయిన ప్రతిసారీ దాన్ని విప్పి, తెర సైజుకు కుదించాలి. ఫోటోలు సరిచేసే జింప్ ప్రోగ్రాములో తెరిచి ముందు 16:9 నిష్పత్తికి కత్తిరించి, తర్వాత స్కేల్ ఇమేజ్‌లో 1366, 768కు తగ్గించి సేవ్ చెయ్యండి. ఎడమపక్క ఐకాన్లుండే చోట ఆకాశమో నీళ్ళో ఉండే ఫోటో ఎంచుకుంటే పేర్లు చదవడానికి వీలుగా ఉంటుంది. ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారే నున్నటి బొమ్మలు మాత్రం వద్దు, ఈ మానిటర్లలో అవి చారలు చారలుగా కనిపిస్తాయి. లాగిన్ తెరకూ అదే ఫోటో కావాలంటే దాన్ని హోమ్ ఫోల్డర్‌లో ఉంచితే రాదు. లాగిన్ కాకముందు మీ హోమ్‌లోకి తొంగిచూసే అనుమతి లాగిన్ ప్రోగ్రాముకు లేదు. రూట్ (అడ్మినిస్ట్రేటర్) అనుమతితో సిస్టమ్ బ్యాక్‌గ్రౌండ్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, లాగిన్ విండో సెట్టింగులో అక్కడి నుంచి ఎంచుకోండి.

డెస్క్‌టాప్ మీద గిరాకీల ఫైళ్ళు పేరుకుపోయి ఉంటే ఎంత మంచి వాల్‌పేపరైనా కనిపించదు. అంతకన్నా ముఖ్యం, ఒకరి ఆధార్ స్కాను, బ్యాంకు పుస్తకం ఫోటో తర్వాత వచ్చేవాళ్ళ కళ్ళముందు ఉండకూడదు. స్కాన్లకు తేదీవారీగా ఒక ఫోల్డర్ పెట్టి, పని అయిపోయాక చెరిపెయ్యండి. చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యండి. ఆ ఫోల్డర్ తెరిచినప్పుడు యంత్రం బిగుసుకుపోతుంటే ఫైల్ మేనేజర్ థునార్ ప్రిఫరెన్సెస్‌లో థంబ్‌నెయిల్స్‌ను నెవర్ చెయ్యండి. ప్రతి పీడీఎఫ్‌కూ, ప్రతి ఫోటోకూ చిన్నబొమ్మ తయారుచేసే పని తప్పుతుంది. గిరాకీల కాగితాల బొమ్మలు బయటికి కనిపించకుండా పోవడం రెండో లాభం. స్క్రీన్‌సేవర్‌కు ఉత్త నల్లతెర చాలు.

ఇంత చేశాక కూడా బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే నెమ్మదిస్తే, అది రూపానికి సంబంధించిన సమస్య కాదు. ఈ రోజుల్లో ఒక ప్రభుత్వ పోర్టల్ పేజీ, ఒక మెయిల్ పేజీ కలిసి తినే ర్యామ్ ముందు థీముల ఖర్చు ఏపాటిది? డబ్బు పెట్టగలిగితే మొదట ర్యామ్‌కు పెట్టండి. జీ41 బోర్డుల్లో డీడీఆర్2 ఉన్నవీ, డీడీఆర్3 ఉన్నవీ రెండూ వచ్చాయి. ఒకదాని స్లాటులో ఇంకోటి దిగదు. ఇప్పుడున్న ర్యామ్ ముక్క మీది లేబుల్‌ను ఫోటో తీసుకుని షాపుకు వెళ్ళండి. రెండో ఖర్చు 120 జీబీ సాటా ఎస్ఎస్‌డీ. మెనూ, ఐకాన్లు, బ్రౌజర్ తెరుచుకోవడంలో తేడా మొదటి రోజే తెలుస్తుంది. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, కాబట్టి ఆ ఖర్చు వృథా పోదు.

ఒకటి కుదిరాక రెండో కంప్యూటర్‌కు అంతా మళ్ళీ చెయ్యనక్కర్లేదు. ప్యానెల్ ప్రొఫైల్స్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి ఇంపోర్ట్ చెయ్యండి. లాంచర్లలో పెట్టిన ప్రోగ్రాములు అక్కడ కూడా ముందే ఇన్‌స్టాలై ఉండాలి, లేకపోతే ఆ చోట్లు ఖాళీగా వస్తాయి. ఫాంట్లు, థీములు సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే వెయ్యండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగుల ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చెయ్యాలనుకుంటే, అది ఏ యూజర్‌కు వెళ్ళాలో ఆ యూజర్ లాగిన్ అయి ఉండగా చెయ్యకండి. సెట్టింగులను మెమరీలో పట్టుకున్న ప్రోగ్రాము తన పాత విలువలను మీ కొత్త ఫైళ్ళ మీద రాసేస్తుంది. ప్రయోగం యూజర్‌తో లాగిన్ అయి, రూట్ అనుమతితో కాపీ చేసి, ఆ ఫోల్డర్ యాజమాన్యం షాపు యూజర్ పేరు మీదికి మార్చండి. ఆ తర్వాత కూడా వాల్‌పేపర్ రాకపోతే కేబుల్ చూడండి. వాల్‌పేపర్ సెట్టింగు మానిటర్ తగిలించిన పోర్టు పేరుతో ముడిపడి ఉంటుంది. మొదటిది వీజీఏ మీద, రెండోది డీవీఐ మీద ఉంటే పేర్లు కలవవు. డెస్క్‌టాప్ సెట్టింగుల్లో ఫోటోను ఇంకోసారి ఎంచుకుంటే సరిపోతుంది.